గోడవైపు కుర్చీ: గిటార్ పికప్‌లు చుట్టిన నా రోజులు

నా దుకాణంలో రెండు కుర్చీలు ఉండేవి. ఒకటి వచ్చినవాళ్ళు చాయ్ తాగుతూ కూర్చోవడానికి. రెండోది ఎప్పుడూ గోడవైపు తిరిగి ఉండేది. మొదటిసారి వచ్చినవాళ్ళు దాన్ని చూసి నవ్వేవారు. "ఏంది మేడం, తప్పు చేసినోళ్ళను గీడ కూసోవెడ్తరా?" అని ఒకాయన అడిగాడు. "అవు, ఇగ నువ్వు కూసో" అన్నాను. కూర్చున్నాడు పాపం. అరగంట తర్వాత లేచేసరికి, ముచ్చటపడి కొనుక్కొచ్చిన సామాను మీద అతని మోజు సగం దిగిపోయింది. ఆ కుర్చీలో ఎంతమంది కూర్చున్నారో లెక్కలేదు. నేను మాత్రం ఒక్కనాడూ కూర్చోలేదు.

కరీంనగర్‌లో ముప్పై ఏళ్ళకు పైగా రాగి తీగ చుట్టి బతికాను. మొదట ఫ్యాన్లకు, బోరు మోటర్లకు. తర్వాత ఎలక్ట్రిక్ గిటార్ల పికప్‌లకు. పికప్ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్తాను. గిటార్ తీగల కింద వేలెడు పొడవు డబ్బా ఒకటి ఉంటుంది. అందులో ఆరు చిన్న అయస్కాంతాలు, వాటి చుట్టూ వేల చుట్ల సన్నటి రాగి తీగ. పైన తీగ వణికితే ఆ వణుకు కరెంటుగా మారి స్పీకర్ పెట్టెకు పోతుంది. అది పాడైతే గిటార్ ఉత్త చెక్కే.

ఇప్పుడు నాకు చూపు తగ్గింది. వెంట్రుక కన్నా సన్నని తీగతో పని, అది కనబడకపోతే ఏం చేస్తాను? పోయినేడు దుకాణం మూసేశాను. ఫోన్లో వీడియోలు చూసి పికప్‌లు మార్చడం నేర్చుకుంటున్న పిల్లలు ఇంకా ఇంటికి వస్తూనే ఉంటారు. ఆడపిల్లలూ వస్తున్నారు, సంతోషం. అందరూ అడిగేది ఒక్కటే: ఏ పికప్ మంచిది? దానికి నా దగ్గర జవాబు లేదు. రెండు పికప్‌లను పక్కపక్కన పెట్టి ఎట్లా వినాలో మాత్రం చెప్పగలను. అది నేర్చుకోవడానికి నేను చేసిన తప్పుల్లో మొదటివి నవ్వుకునేవే. చివరిది ఇప్పటికీ మింగుడు పడదు.

పిట్టగూడు

ఇంటర్ ఫెయిలై ఇంట్లో ఉంటే అవ్వ రోజూ సతాయించేది. అందుకని మా వీధి చివర ఖాసిం సాబ్ మోటర్ వైండింగ్ దుకాణంలో చేరాను. ఆడపిల్ల మోటర్ల పనికి పోవుడేందని చుట్టాలు గులిగారు. మా బాపు ఒక్కడే, "దాని వేళ్ళు సన్నగున్నయ్, ఫ్యాన్ల కాయిళ్ళు మంచిగ చుడ్తది, పోనియ్యుండ్రి" అన్నాడు.

ఆ దుకాణం వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. వార్నిష్, కాలిన తీగ, సాబ్ వేసుకునే జర్దా పాన్. యాసంగి పంటకు బోర్లు ఆగకుండా నడిచి మోటర్లు కాలిపోయేవి. తెల్లారేసరికి దుకాణం ముందు రైతులు మోటర్లు దించుకుని కూర్చునేవారు. "సాబ్, పొలం నెర్రెలు వడ్తుంది, జర తొందరగ" అని బతిమాలేవారు. సాబ్ తొందరపడేవాడు కాదు. నేను చుట్టిన ప్రతి కాయిల్ మీద గోరుతో గీరి చూసేవాడు. "తీగ మీద తీగ ఎక్కొద్దు బేటీ. వరస తప్పిందంటే అది వైండింగ్ గాదు, పిట్టగూడు." పిట్టగూడు అనిపించుకోకూడదని నేను పళ్ళు బిగించి చుట్టేదాన్ని. ఏడాది తిరిగేసరికి నా కాయిల్ చూసి సాబ్ గీరడం మానేశాడు. ఆ రోజు నేను ఇంటికి ఎగురుకుంటూ పోయాను.

దానియేలు అన్న వచ్చింది ఆ రోజుల్లోనే. గోదావరి ఒడ్డున బొగ్గు గనుల కాలనీ నుంచి పెద్దపల్లి మీదుగా బస్సులో వచ్చాడు. గనిలో డ్రిల్లు పట్టే పని, ఆదివారం చర్చిలో గిటార్. దుప్పట్లో చుట్టిన గిటార్‌ను బల్ల మీద పెట్టి, "గీ కాయిల్ వోయిందట. హైదరాబాద్‌ల అడిగితె కొత్తది దొరకదన్నరు. మోటర్లు చుట్టేటోళ్ళు గిదెందుకు చుట్టరు?" అని గట్టిగా అడిగాడు. కోపంగా ఉన్నాడనుకున్నాను. భూమి కింద పనిచేసేవాళ్ళందరూ అంత గట్టిగానే మాట్లాడతారని తర్వాత తెలిసింది.

సాబ్ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "అరే, గిది మోటర్‌కు పుట్టిన పిల్ల లెక్కుంది. ఫికర్ చెయ్యకు భాయ్, చుడ్తం" అన్నాడు.

అంత సన్నని తీగ మా దగ్గర లేదు. సాబ్ హైదరాబాద్ నుంచి తెప్పించాడు. పాత తీగ విప్పుతుంటే అది అడ్డదిడ్డంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంది. ఫ్యాక్టరీవాళ్ళ ఒళ్ళు బద్ధకం అనుకుని నవ్వుకున్నాను. నేను మాత్రం వరస తప్పకుండా చుట్టాను. చుట్టడం అయ్యాక మోటర్ల పద్ధతిలోనే వార్నిష్‌లో ముంచి, వేడి కోసం బల్బులు వెలిగించిన పెట్టెలో పెట్టి ఆరబెట్టమన్నాడు సాబ్. పెట్టాను. మధ్యాహ్నానికి తీసి చూస్తే తీగ చుట్టే ప్లాస్టిక్ చట్రం, బాబిన్, వేడికి అప్పడంలా వంకరపోయి ఉంది.

నేను ఏడుపు మొదలుపెట్టాను. అదే సమయానికి దానియేలు అన్న వచ్చాడు. ఆయన ఇంకా గడప దాటలేదు, సాబ్ లేచి ఎదురుపోయి, "ఖరాబ్ జేసినం భాయ్. చెప్పింది నేను, చేసింది ఈ పిల్ల. తప్పు నాది. మళ్ళ చేసిస్తం" అన్నాడు. అన్న ముఖం మాడిపోయింది. అయినా గొడవ చేయలేదు. ఆయన పోయాక, "కూసోవెట్టి చాయ్ తాపి మెల్లగ చెప్పేదుండె గద సాబ్" అన్నాను. "చాయ్ తాగినంక నోరు రాదు బేటీ. చెప్పేది గడపలనే చెప్పాలె" అన్నాడు సాబ్. ఆ మాట అప్పుడు నాకు పెద్దగా పట్టలేదు.

టిక్కు

ప్లాస్టిక్ పోయింది కనుక, మోటర్లలో వాడే ఎర్ర ఫైబర్ షీటును రెండు ముక్కలుగా కత్తిరించి, వాటి మధ్య ఆ ఆరు అయస్కాంతాలను నిలబెట్టి కొత్త బాబిన్ చేశాం. ఈసారి వార్నిష్ లేదు. మళ్ళీ వరస తప్పకుండా చుట్టాను. అద్దంలా వచ్చింది. సాబ్ దాన్ని పక్క దుకాణాలవాళ్ళకు కూడా చూపించి వచ్చాడు.

దానియేలు అన్న గిటార్‌ను స్పీకర్ పెట్టెకు తగిలించి మీటాడు. మోగింది. నేను చప్పట్లు కొట్టాను. ఆయన మళ్ళీ మీటాడు, చెవి వంచి విన్నాడు.

"సౌండ్ వచ్చింది చెల్లె. గని మెత్తగుంది."

"మెత్తగుండుడేంది? గంత సక్కగ చుట్టిన!"

"మీటంగనే ముందుగాల టిక్కుమంటది సూడు, తర్వాత మోగుతది. గా టిక్కు లేదు. బొంత కప్పుకుని వాయించినట్టుంది."

నాకు ఒళ్ళు మండింది. ఆయన పోయాక రెండు రోజులు ఆ కాయిల్‌ను చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఫ్యాక్టరీవాళ్ళ అడ్డదిడ్డపు తీగ గుర్తుకొచ్చింది. మొత్తం విప్పి, చేతిని అటూ ఇటూ ఊపుతూ వదులుగా, వరస లేకుండా చుట్టాను. అప్పటిదాకా చెయ్యకూడదని నేర్చుకున్నదంతా చేశాను. సాబ్ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "యా అల్లా, పిట్టగూడే" అన్నాడు. తీగలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ఆ టిక్కును మింగేస్తాయి, మధ్య సందు ఉంటే వదిలేస్తాయి. ఈ సంగతి ఏ పుస్తకంలోనూ చదవలేదు, విప్పి చుట్టి తెలుసుకున్నాను. వార్నిష్ బదులు దానియేలు అన్న చర్చి నుంచి తెచ్చిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి అందులో ముంచాం.

ఆయన బిగించుకుని ఒక్కసారి మీటాడు. టిక్కుమంది. నాకు కూడా వినబడింది. "గిదీ!" అని అరిచి దుకాణంలోనే ఒక భజన పాట మొత్తం వాయించాడు. మోటర్ల కోసం కూర్చున్న రైతులు పొలాలు మర్చిపోయి విన్నారు. నా బతుకులో అంత సంతోషపడ్డ రోజులు చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పిల్లలూ, ఒక పనిలో ఒప్పు అయినది ఇంకో పనిలో తప్పవుతుంది. చేతికి వచ్చిన పని మీద గర్వం ఉండాలి, కానీ వింటున్నప్పుడు ఆ గర్వాన్ని బయట చెప్పులతో పాటు విడిచి రండి.

చాంగ్లా

ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు రావడం మొదలైంది. చర్చిల్లో వాయించేవాళ్ళు, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రావాళ్ళు, కాలేజీ పిల్లలు. సాబ్ పోయాక ఆయన కొడుకులు వేరే వ్యాపారాల్లోకి వెళ్ళిపోయారు, దుకాణం నేను నడిపాను. బోర్డు మీద మోటర్ బొమ్మ పక్కన గిటార్ బొమ్మ వేయించాను. చూసినవాళ్ళు రెండూ ఎట్లా కలిశాయని అడిగేవారు.

కొన్నేళ్ళకు రకరకాల కొత్త పికప్‌లు దొరకసాగాయి. పాతది తీసి కొత్తది పెట్టించుకోవడం, రెండింటిలో ఏది బాగుందో నన్ను చెప్పమనడం. అప్పుడు నాకు తెలివి ఎక్కువైంది. విన్న వెంటనే తీర్పు చెప్పేదాన్ని.

ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ మిల్లు గుమాస్తా గజానన్ రావు అని ఒకాయన ఉండేవాడు. సాయంత్రాలు ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. ఇంటి భాష మరాఠీ, నన్ను తాయీ, అంటే అక్కా, అని పిలిచేవాడు. చొక్కా మీద ఎప్పుడూ పత్తి పోగులు అంటుకుని ఉండేవి. పొద్దంతా బస్సులో కూర్చుని కొత్త పికప్ పట్టుకుని వచ్చాడు. పాతది విన్నాం, కొత్తది పెట్టి విన్నాం. కొత్తది గర్జించింది. "ఆహా!" అన్నాను నేను. "ఆహా!" అన్నాడు ఆయన. పాతదాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

రెండు నెలల్లో పాతది కూడా పట్టుకుని తిరిగి వచ్చాడు. "తాయీ, మొదట్ల మస్తుండె. గిప్పుడు పాటోళ్ళకు అడ్డమొస్తుంది. నాకైతె తలకాయ నొస్తుంది."

నేను పరేషాన్ అయ్యాను. మళ్ళీ రెండూ పెట్టి విన్నాను. కొత్తది గట్టిగా మోగుతుంది, అంతే. పెట్టె మీది గుండీ తగ్గించి, రెండూ ఒకే ఎత్తులో మోగేటట్టు చాక్‌పీసుతో గుర్తు పెట్టుకున్నాను. ఆయనను కుర్చీలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను, చూస్తే మొహమాటం ఉంటుందని. ఏది ఏదో చెప్పకుండా వినిపించాను.

"మొదటిది తాయీ, మొదటిదే చాంగ్లా ఉంది, మంచిగుంది. తియ్యగుంది."

"అది నువ్వు జేబుల ఏసుకపోయిన పాతదే."

"అరె దేవా!" అని ఆయన నెత్తి కొట్టుకున్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆయనను అంత దూరం రెండుసార్లు తిప్పింది నా తొందరపాటే.

ఆ రోజు నుంచి గోడవైపు కుర్చీ నా దుకాణంలో ఉండిపోయింది. పగిలిన గిటార్ ఒకటి తీసుకుని, వడ్రంగి చేత వీపు వైపు సందు కోయించాను. తీగలు విప్పకుండానే వెనుక నుంచి సొరుగులా ఒక పికప్ తీసి ఇంకోటి దూర్చవచ్చు. చెవి జ్ఞాపకం చాలా పొట్టిది. తీగలు విప్పి మళ్ళీ బిగించేలోపు పాత మోత మర్చిపోతారు, గుర్తుందని మాత్రం అనుకుంటారు. తీగకూ పికప్‌కూ మధ్య రెండు రూపాయి బిళ్ళల మందం సందు ఉండాలి, ప్రతిసారీ అంతే. మోత ఎత్తు సమానం. పేరు చెప్పకూడదు, ధర అసలే చెప్పకూడదు. మీటే చెయ్యి ఒకటే అయి ఉండాలి. నాకు గిటార్ వాయించడం రాదు. ఆరు తీగలూ పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి మీటుతాను. ఇన్నేళ్ళలో నేను నేర్చిన సంగీతం ఇంతే, పికప్ పరీక్షకు అది చాలు.

మూడు పికప్‌లు

దానియేలు అన్న గిటార్‌లో నేను చుట్టిన పికప్ చాలా ఏళ్ళు మోగింది. ఏడాదికోసారి తీగలు మార్చడానికి వచ్చేవాడు. భార్య మేరీ వదిన కూడా వచ్చేది, ఆమెకు వేములవాడ దగ్గర చుట్టాలున్నారు. నేను చాయ్ తెప్పిస్తే, ఆమె డబ్బాలో సకినాలు తెచ్చేది.

అన్న రిటైర్ కావడానికి ఇంకా రెండు మూడేళ్ళు ఉన్నాయనగా, ఒకరోజు వచ్చి, "చెల్లె, టిక్కు వోయింది. కాయిల్ పాతదైనట్టుంది" అన్నాడు. తీసి చూశాను. కాయిల్ దిట్టంగా ఉంది. ఆయన ఒప్పుకోలేదు. కొత్తది తెప్పించుకుని తెచ్చాడు, ఇంకా చురుకైనది. బిగించాను. నెల తర్వాత మళ్ళీ వచ్చాడు. "గిది గూడ మెత్తగనే ఉంది." ఇంకోటి తెచ్చాడు. అది మీటితే నాకు చెవుల్లో సూది దిగినట్టు ఉండేది. ఆయనకు అదీ మెత్తగానే ఉంది. నేను చుట్టినదానికి వంక పెడుతున్నాడని లోపల నాకు కోపంగా ఉండేది. అందుకే ఆలోచించలేదు. అడిగింది అడిగినట్టు బిగిస్తూ పోయాను. ఇది నా చివరి తప్పులో మొదటి సగం.

క్రిస్మస్‌కు ముందు ఇద్దరూ వచ్చారు. అన్న తీగలు కొనడానికి బజారు వైపు పోగానే మేరీ వదిన నా చెయ్యి పట్టుకుంది.

"సుగుణా, చర్చిల పోరగాండ్లు పండుగకు మీ అన్న గిటార్ వద్దంటున్నరు. చెవులు కోస్తుందంట. పాస్టర్ గారు నన్ను పిలిచి చెప్పిండు. ఈనకు నేనింకా చెప్పలే. వారమంతా భూమిలుంటడు, ఆదివారం కోసమే పైకొస్తడు. గా గిటార్ గుంజుకుంటె మనిషి మిగలడు."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్న రాగానే ఆయనను గోడవైపు కుర్చీలో కూర్చోబెట్టాను. కోసిన గిటార్‌లో మూడు పికప్‌లు ఒక్కొక్కటే దూర్చి మీటాను. మొదటిది నేను చుట్టిన పాతది, నా అల్మారాలోనే ఉండిపోయింది. మిగిలిన రెండూ ఆయన తెచ్చినవి. మేరీ వదిన ఇంకో కుర్చీలో కూర్చుని వింటోంది.

"ఏది బాగుందన్నా?" అని గట్టిగా అడిగాను.

"మజాక్ చేస్తున్నవా? ఒక్కటే మూడుసార్లు వినిపించినవ్."

"అదేంది?" అని గట్టిగా అంది వదిన. "మొదటిది మంచిగుండె. రెండోది చెంచతోటి గిన్నె గీకినట్టుంది. మూడోదానికైతే నా పండ్లు జివ్వుమన్నయ్."

"నీకేం ఎరుక గిటార్ ముచ్చట?" అని ఆయన గోడకేసి నవ్వాడు.

నేను మెల్లగా, మామూలు గొంతుతో, "చాయ్ తాగుతవా అన్నా?" అని అడిగాను. ఆయన కదల్లేదు. రెండు అడుగుల దూరంలో ఉన్నాను. మళ్ళీ అడిగాను. ఆయన గోడనే చూస్తున్నాడు. మాట్లాడేటప్పుడు ఆయన నా ముఖం వైపే ఎందుకు చూస్తాడో అప్పుడు తెలిసింది. పెదవులు చూసి పట్టుకుంటున్నాడు. పోయింది పికప్‌లోని టిక్కు కాదు. ఏళ్ళ తరబడి డ్రిల్లు మోతలో ఆయన చెవులే పోతున్నాయి. వదిన నావైపు చూసింది. ఆమెకూ తెలిసిపోయింది.

సాబ్ ఉంటే లేచి ఎదురుపోయి చెప్పేవాడు. నేను చాయ్ తెప్పించాను. చాయ్ తాగాక నోరు రాలేదు.

నేను పాత పికప్‌నే తీసుకుపోయి లోపల అల్మారాలో కాసేపు వెతికినట్టు చేసి, తిరిగి వచ్చి, "అన్నా, నిన్ననే కొత్తది వచ్చింది. గీటన్నిటికన్న మస్తు షార్పు. పెడ్తున్న సూడు" అన్నాను. ఆయన గిటార్‌లో బిగించి చేతికిచ్చాను, మూత వేస్తే అన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా అని. ఆయన ఒకసారి పికప్‌ను చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. మీటాడు.

"ఆఁ! గిప్పుడొచ్చింది సౌండ్. గిదీ నాక్కావల్సింది" అన్నాడు.

పండుగకు ఆయన వాయించాడు. చెవులు కోస్తోందని ఎవరూ అనలేదు. పోరగాళ్ళు అన్నను మెచ్చుకున్నారని వదిన ఫోన్ చేసి చెప్పింది, కేకు పంపింది. నేను ఇంటిల్లిపాదికీ పంచి, నా తెలివికి నేనే మురిసిపోయాను. మనిషి పేరు చూసి వింటాడు కదా, పేరు మార్చి పని చక్కబెట్టాను అనుకున్నాను.

బస్ స్టాండ్

రెండేళ్ళకు మేరీ వదిన ఫోన్ చేసింది. పెద్దపల్లి బస్ స్టాండులో వెనక్కి వస్తున్న బస్సు హారన్ కొట్టిందట, అన్నకు వినబడలేదట. భుజానికి తగిలి పడ్డాడు. ఎముకలు బాగానే ఉన్నాయి, ఒళ్ళంతా దెబ్బలు. ఆస్పత్రిలో చెవుల డాక్టరు చూసి, "రెండు మూడేండ్ల ముందు తెస్తే ఉన్నదాన్నన్న కాపాడుకుందుము" అన్నాడట.

వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలికగా ఉండేదేమో.

నేను కూర్చుని లెక్క వేసుకున్నాను. ఆ క్రిస్మస్ తర్వాత అన్న ఇంకా రెండేళ్ళు గనిలో డ్రిల్లు పట్టాడు. చెవుల్లో పెట్టుకోవడానికి అక్కడ ఇచ్చే బిరడాలు జేబులోనే ఉంచుకునేవాడని వదిన ఎప్పుడో చెప్పింది. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే కనీసం అవైనా పెట్టుకునేవాడు. వేరే పని అడిగేవాడు. పండుగ ఒక్కటి నిలబెట్టి, నేను ఆయన రెండేళ్ళ చెవులు తీసేశాను. ముప్పై ఏళ్ళు మంచి మోత, చెడ్డ మోత విడదీసి చెప్పిన మనిషిని, చెప్పాల్సిన ఒక్క మాట చెప్పలేకపోయాను. నేను అంతకు ముందూ ఆ తర్వాతా ఏ పనిలోనూ అంత సిగ్గుపడలేదు.

మిషన్ల దుకాణం

ఆ దెబ్బలు మానాక, పోయిన నెల ఇద్దరూ కరీంనగర్ వచ్చారు, చెవి మిషన్ కొనడానికి. నన్ను కూడా రమ్మన్నారు. ఏ ముఖం పెట్టుకుని పోవాలో తెలియలేదు. అయినా పోయాను. అన్న భుజాన గిటార్ ఉంది. చెవి మిషన్ల దుకాణానికి గిటార్ ఎందుకని అడిగితే, "చప్పుడు చెయ్యకుండ రా" అన్నాడు.

అక్కడ పరీక్ష చేసే అమ్మాయి చాలా ఓపికమంతురాలు. మూడు మిషన్లు బల్ల మీద పెట్టి, "అంకుల్, ఇది అన్నిటికన్నా..." అని మొదలుపెట్టింది.

అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "పేరు చెప్పకు బిడ్డ. ధర అసలుకే చెప్పకు. మూడింటి సౌండ్ సమానం జెయ్యి." కుర్చీని ఎత్తి గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. "మేరీ, నువ్వు ఎన్కనుంచి మాట్లాడు. మామూలుగనే మాట్లాడు, మొత్తుకోకు. సుగుణా, నువ్వు మీటు. నీ చెయ్యి అయితెనే ఒక్క తీరుగ పడ్తది."

ఆ అమ్మాయి నోరు తెరిచి చూసింది. చిన్న స్పీకర్ పెట్టెకు గిటార్ తగిలించి ఆరు తీగలూ కిందికి ఒకసారి, పైకి ఒకసారి మీటాను. మొదటి మిషన్‌కు అన్న తల అడ్డంగా ఊపాడు. రెండోదానికి, "రేకు డబ్బ లెక్కుంది" అన్నాడు. మూడోది పెట్టాక నేను మీటేసరికి ఆయన వీపు నిటారుగా అయింది.

"ఆగు. ఒక్క తీగనే మీటు."

మీటాను.

"టిక్కొచ్చింది" అన్నాడు. "చెల్లె, టిక్కొచ్చింది. మునుపటి లెక్క లేదు గని, వచ్చింది."

మేరీ వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గిటార్‌ను ఒళ్ళో పెట్టుకుని అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను. చెప్పేది గడపలోనే చెప్పాలన్న మాట మళ్ళీ గుర్తుకొచ్చింది. గడప దాటి ఏళ్ళయింది, అయినా చెప్పాను. "అన్నా, ఆ రోజు నేను కొత్తది పెట్టలే. నేను చుట్టిన పాతదే పెట్టిన. నీ చెవులు పోతున్నయని నాకు ఆనాడే ఎరుక."

ఆయన గోడవైపే కూర్చుని ఉన్నాడు. "నాకూ ఎరుకే" అన్నాడు.

"ఏమెరుక?"

"పాతది పెట్టినవని. దాని స్క్రూ తల నేను ఒకపారి చాకుతోటి తిప్పంగ చెక్కుకపోయింది. బిగించి ఇయ్యంగనే చూసిన. చెవులు పోయినయ్ గని నీ లెక్క కండ్లు పోలే గద."

"మరి సౌండ్ వచ్చిందని ఎందుకన్నవ్?"

"నీ మొకం చూసిన. నువ్వు చెప్పలేక పోయినవ్. నాకు అడుగుదమంటె భయమైంది. అడిగితె నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్తవని."

నేను కొంగుతో ముఖం తుడుచుకున్నాను. "చెప్తె ఒప్పుకుంటుంటివా అన్నా?"

"ఒప్పుకోకపోతుంటి. నిన్ను తిట్టి, గిటార్ గుంజుకోని పోతుంటి. మళ్ళ నీ దుకాణం మొకం చూడకపోతుంటి." తర్వాత కుర్చీలో నావైపు తిరిగాడు. "గని చెప్పాల్సుండె, చెల్లె."

"అవునన్నా" అన్నాను.

మేరీ వదిన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. అన్న మాత్రం కుర్చీలోంచి లేచి, పరీక్ష చేసే అమ్మాయితో, "బిడ్డ, ఈమెను గూడ కూసోవెట్టు. ముప్పై ఏండ్లు మోటర్ల మోతల ఉన్నది. పిల్లలకు సౌండ్ పాఠాలు చెప్తుంది, తన చెవులెట్లున్నయో ఎవ్వరన్న చూసిండ్రా?" అన్నాడు.

"నాకేమైంది, నేను మంచిగున్న" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో నాకే భయమేసింది.

అన్న కుర్చీని మళ్ళీ గోడవైపు సర్ది, గిటార్ తను తీసుకుని, నా చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు. ఎదురుగా తెల్ల గోడ తప్ప ఏమీ లేదు. వెనుక ఎవరు నిలబడ్డారో, ఎవరు ఏం చేస్తున్నారో తెలియదు. నా కుర్చీలో కూర్చున్నవాళ్ళందరికీ ఇట్లాగే ఉండేదా అనుకున్నాను.

"సుగుణా," అన్నాడు అన్న వెనుక నుంచి. "ఇనవడ్తె ఇనవడ్డదను. ఇనవడకుంటె లేదను. నా కోసం అబద్ధమాడకు."

ఆయన తీగ మీటాడనుకుంటాను. నేను కళ్ళు మూసుకుని ఆ టిక్కు కోసం విన్నాను.